యైటింక్లైను కాపురం

2024 మే నెలలో ఒకనాటి సాయంత్రం మావారు పింఛను కాగితాలు ముందేసుకుని, కలం చేతబట్టుకుని, అరగంటసేపు గోడవంక చూస్తూ కూర్చున్నారు. చాయ్ తెచ్చి పక్కన పెట్టాను. చల్లారిపోయింది. వెచ్చబెట్టి మళ్ళీ తెచ్చాను. అదీ చల్లారిపోయింది. లెక్కలు కుదరడం లేదు కాబోలుననుకుని తొంగి చూద్దును గదా, అవి లెక్కలు కావు. ‘ప్రస్తుత చిరునామా’, ‘శాశ్వత చిరునామా’ అని రెండు గళ్ళు వున్నాయి. మొదటి గడిలో మా క్వార్టరు నంబరు వేశారు. రెండోది ఖాళీగా వున్నది.

“ఇండ్ల గింత సోచాయించేదేమున్నది? ఎప్పుడు రాసేదే రాయుండ్రి” అన్నాను.

“ఎప్పుడు రాసేది అబద్ధం గదనే!” అన్నారు.

నిజమే. మంథని దగ్గర వాళ్ళ పల్లె పేరు నలభై ఏళ్ళుగా ప్రతి కాగితం మీదా శాశ్వత చిరునామాగా రాస్తూ వచ్చాం. అక్కడ అన్నదమ్ముల పంపకాల్లో మా వాటాకు వచ్చింది ఒక వసారా, దాని వెనక గొడ్లకొట్టం. వసారా దూలం విరిగి పన్నెండేళ్ళయింది. గొడ్లు ఎప్పుడో పోయాయి. తేళ్ళు మాత్రం కాపురముంటున్నాయి. ఇక ప్రస్తుత చిరునామా అంటారా, జూన్ నెలాఖరుకు ఆయన రిటైరవుతారు, ఆ తర్వాత గడువులోగా క్వార్టరు అప్పజెప్పాలి. అది అందరికీ వున్న నియమమే, మాకొక్కరికే వచ్చిన కష్టం కాదు. కాని శాశ్వతమైనది కూలిపోయి, ప్రస్తుతమైనది చేజారిపోతూ వుంటే మనిషి ఆ గళ్ళలో ఏమని రాయాలి?

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే మీకు ఆయన అవస్థ తెలియదు.

మేముండేది యైటింక్లైను కాలనీలో. ఇంగ్లీషులో ఎనిమిది అనే అంకెనూ, ఇంక్లైను అనే మాటనూ కలిపి మా నోళ్ళకు తిరిగినట్టు పలికితే అదే మా ఊరి పేరు. గనిలోకి నిట్టనిలువునా బావిలా తవ్వితే దాన్ని షాఫ్టంటారు. ఏటవాలుగా బాట వేసుకుంటూ దిగితే ఇంక్లైనంటారు. గోదావరిఖనిలో గనులకు పేర్లు వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటూ పోయారు. గని అంకె పక్కనున్న ఇళ్ళకు అంటుకున్నది. ఐదో నంబరు దగ్గరివాళ్ళు ఫైవింక్లైను వాళ్ళు, ఎనిమిదో నంబరు దగ్గరివాళ్ళం మేము. నా పెళ్ళి కుదిరినప్పుడు మా మేనత్త, “పిల్లను ఏ ఊరికిస్తున్నవురా?” అని అడిగితే మా బాపు, “యైటింక్లైను” అన్నాడు. ఆమె ముక్కుమీద వేలేసుకుని, “ఊరికి పేరు పెట్టుకునే తీరిక గూడ లేనోళ్ళకు పిల్లనిస్తవా?” అన్నది.

గోదావరిఖని పెద్ద ఊరు, మాది దాని అంచు. పోనీ గోదావరిఖని అయినా తన పేరుతో తాను బతుకుతున్నదా అంటే అదీ లేదు. రైలెక్కాలంటే రామగుండం స్టేషనుకు పోవాలి. నగరపాలక సంస్థ బోర్డుమీద రామగుండమనే వుంటుంది. 2016 అక్టోబరు 11 దాకా మాది కరీంనగరు జిల్లా. ఆనాటినుంచి పెద్దపల్లి జిల్లా. ఇంతమంది పేర్ల నీడన వున్న ఊరికి స్వంత పేరంటూ మిగిలింది గోదావరి, ఖని అనే రెండు మాటలు. ఒకటి ఏరు, ఒకటి గని. ఊరనే మాట అందులో లేనే లేదు, చూశారా!

పాత ఊళ్ళు లేకపోలేదు. రామగుండం గుట్టమీద రాముని గుండాలున్నాయి. వనవాసంలో రాముడు అక్కడ ఆగాడంటారు. మా దాపున జనగామలో పాత శివాలయమున్నది. 1960 ప్రాంతంలో ఇక్కడ బొగ్గు పని మొదలయ్యేదాకా ఇవన్నీ జొన్నచేల నడుమ పల్లెలు. ఆ తర్వాత వచ్చినవాళ్ళమే మేమంతా. ఎవరిని అడిగినా “మాది ఇక్కడ కాదండి” అనే మాటతోనే పరిచయం మొదలవుతుంది.

నేను కాపురానికి వచ్చింది 1987లో. మంథనినుంచి బస్సులో ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. మావారు అప్పటికి మూడేళ్ళుగా కోల్ ఫిల్లరు పని చేస్తున్నారు, అంటే గనిలో పేల్చిన బొగ్గును తట్టకెత్తి టబ్బుల్లో నింపే పని. రెండు గదుల క్వార్టరు, ముందు జానెడు వరండా, వెనక చిన్న పెరడు. మొదటి సాయంత్రం బయటికి వచ్చి చూస్తే కాలనీ అంతా పొగ. ఇల్లు తగలబడుతున్నదేమోనని కేక వేయబోయాను. ప్రతి ఇంటిముందూ సిగిడిలో బొగ్గు రాజేస్తున్నారు. పచ్చిబొగ్గు పొగ పోయి నిప్పులు ఎర్రబడ్డాకగాని దాన్ని ఇంట్లోకి తీసుకుపోరు. ఆరేసిన తెల్లచీరె ఆ రోజునుంచి నాకు తెల్లచీరె కాదు. మా అత్తమ్మ వచ్చినప్పుడల్లా నీలిమందు ఎక్కువ వేస్తున్నావని సాధించేది. నీలిమందు కాదు అత్తమ్మా, మసి అంటే నమ్మేది కాదు.

ఆ రాత్రే సైరను విన్నాను. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. మా కాలనీలో వంటా, నిద్రా, చుట్టాల రాకా, పిల్లల మీద కోపం, అన్నీ ఆ మూడు కూతల నడుమనే. వారం మొదటి షిఫ్టు, వారం రెండు, వారం రాత్రి. ఏ వారం ఏదో మరిచిపోకుండా వంటింటి తలుపు వెనక గోడమీద పెన్సిలుతో గీతలు పెట్టుకునేదాన్ని. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి గనక ఆ వారమంతా మా ఇంట్లో గిన్నె కింద పెడితే చప్పుడు కాకూడదు. మా పిల్లలిద్దరూ మునివేళ్ళమీద నడవడం నేర్చుకున్నాకే మామూలు నడక నేర్చుకున్నారంటే మీరు నవ్వుతారు. నవ్వండి; మా వరసలో పన్నెండిళ్ళ పిల్లలూ అంతే.

అయితే సైరను కూసిన తర్వాత గంట గడిచినా మనిషి గేటు దగ్గర కనిపించకపోతే వుండే బాధ వేరు. దాన్ని గురించి ఎక్కువ రాయను. ఆ గంటలో ఆడవాళ్ళం ఒకరింటికొకరం పోయి చింతపండు కావాలని అడిగేవాళ్ళం. ఎవరింట్లోనూ చింతపండుకు కరువు లేదు. అడిగినామెకూ తెలుసు, ఇచ్చినామెకూ తెలుసు.

మా ఎడమపక్క క్వార్టరువాళ్ళు ఇల్లెందునుంచి బదిలీమీద వచ్చారు. ఆ వదినెకు ఈ గనుల మీద మహా గర్వం. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడనీ, అక్కడి సింగరేణి అనే పల్లె పేరే 1920 డిసెంబరు 23న ఏర్పడ్డ కంపెనీకి వచ్చిందనీ, వాళ్ళ తాత ఇల్లెందు గనిలో దీపం పట్టుకుని దిగిన మనిషనీ, నాకు మొదటి నెలలోనే చెప్పింది. “మీరు నిన్నమొన్న వచ్చినోళ్ళు. మేం మూడు తరాలసంది బాయి తిండి తింటున్నం” అనేది. మరి మూడు తరాలకూ స్వంత ఇల్లెక్కడ వదినా అంటే మాత్రం మాట మార్చి సమ్మక్క జాతర సంగతి ఎత్తేది. రెండేళ్ళకొకసారి గోదావరి ఒడ్డున మా దగ్గరే జరిగే జాతర అది. మేడారం దాకా పోలేనివాళ్ళు బంగారమని చెప్పి బెల్లం ఇక్కడే తూకం వేసి మొక్కు చెల్లిస్తారు. ఆ మూడునాలుగు రోజులు మాత్రం ఎవరూ ఎవరినీ “మీదే ఊరు?” అని అడగరు.

తర్వాత్తర్వాత మావారు రాత్రులు కూర్చుని చదివి సర్దారు పరీక్ష పాసయ్యారు; ఆపైన ఓవర్‌మెన్ అయ్యారు. చేతికి కర్ర వచ్చింది. గనిలో ఆ కర్ర అలంకారానికి కాదు. పనిచోటికి పోగానే దానితో పైకప్పును తట్టి చూడాలి. గట్టిగా ఖంగుమంటే రాయి కరిచిపట్టుకుని వున్నట్టు. బోలుగా డొల్లుమంటే పొర విడిపోతున్నట్టు. వెంటనే మనుషుల్ని వెనక్కి తీసి దిమ్మెలు పెట్టించాలి. ఇరవై ఏళ్ళపైన ఆయన చెవి ఆ చప్పుడుకే అలవాటుపడిపోయింది. సినిమా పాట వింటున్నా, “ఆ తబలా డొల్లగ మోగుతున్నది” అనేవారు.

మా చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళు వెలిశాయో, ఒకటి ఎట్లా ఆరిపోయిందో కూడా మా కళ్ళముందే చూశాం. రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల పాత కరెంటు కేంద్రం వుండేది. 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయి ఎన్టీపీసీకి పునాదిరాయి వేశారు. అది పెరిగి పెరిగి 2600 మెగావాట్లయింది. వాళ్ళ ఊరు జ్యోతినగర్. చెట్లూ, తిన్నని రోడ్లూ, చక్కని దీపాలూ చూసి మా పిల్లలు అది విదేశమనుకునేవాళ్ళు. ఇటు ఎరువుల కర్మాగారం 1980లో మొదలయింది. మన బొగ్గుతోనే యూరియా చేస్తారట అని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. 1999లో అది మూతపడ్డది.

ఆ టౌన్‌షిప్పులో మావారి స్నేహితుడొకాయన వుండేవాడు. వాళ్ళు లారీ ఎక్కించిన రోజు మేము అన్నం వండి తీసుకుపోయాం. వరసలో ఇరవై ఇళ్ళకు రెండిళ్ళలో దీపం. కిటికీ చెక్కలు ఊడి గాలికి కొట్టుకుంటున్నాయి. పెరట్లో గోరింటచెట్టు గోడ దాటి పెరిగింది, కోసుకునే చెయ్యి లేక. “మనుషులు పోతే ఇండ్లు ఇంత తొందరగ ముసలివైతయా?” అన్నారు మావారు, తిరిగి వస్తూ. ఇరవై ఏళ్ళపైన అట్లాగే పడివుండి, చివరకు 2021లో కొత్త కంపెనీగా ఆ ఫ్యాక్టరీ మళ్ళీ లేచింది. ఈసారి బొగ్గుతో కాదు, గొట్టంలో వచ్చే గ్యాసుతో. బొగ్గు నడిబొడ్డున కూర్చుని ఎక్కడినుంచో గ్యాసు తెప్పించుకోవడం మావారికి ఇప్పటికీ మింగుడుపడదు. “ఇంట్ల బియ్యం పెట్టుకుని హోటలుకు పోయినట్టు” అంటారు. పాత కరెంటు కేంద్రాన్ని ఈయన రిటైరైన 2024లోనే మూసేశారు. ఇద్దరికీ ఒకే ఏడు సెలవు.

ఇప్పుడు ఒక దూరపు ఊరి మాట చెప్పి మళ్ళీ మా ఊరికి వస్తాను.

మా అబ్బాయి ఇటలీలో ఇంజనీరు. మిలాను నగరంలో ఉద్యోగం. అక్కడ అద్దెలు తట్టుకోలేక శివారు ఊళ్ళో వుంటున్నాడు. 2023 వేసవిలో మమ్మల్ని ఇరవై రోజులు తీసుకుపోయాడు. ఆ ఊరి పేరు సెస్తో శాన్ జొవాన్ని. మొదటిరోజే మావారు, “సెస్తో అంటే ఏంది బిడ్డా?” అని అడిగారు. “ఆరు నాయినా, ఆరోది అని. పాతకాలంలో మిలాను నుంచి పోయే బాట మీద ఆరో మైలురాయి దగ్గరి ఊరట” అన్నాడు వాడు. మావారు పగలబడి నవ్వారు. “అయితే మనది ఎనిమిది, వీళ్ళది ఆరు. ఈళ్ళకు గూడ పేరు పెట్టే తీరిక లేదన్నమాట!” మా మేనత్త బతికివుంటే బాగుండుననిపించింది.

నేను ఇటలీ అంటే సినిమాల్లో చూపించే గోపురాలూ, నీళ్ళలో ఇళ్ళూ వుంటాయనుకున్నాను. అక్కడ అవేవీ లేవు. ఎత్తైన అపార్టుమెంట్లు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, కూరగాయల సంత, సాయంత్రం బెంచీలమీద ముసలివాళ్ళు. పొద్దున జనమంతా ఎర్ర లైను మెట్రో ఎక్కి అరగంటలోపే మిలాను పెద్దచర్చి దగ్గర దిగుతారు. రాత్రికి తిరిగి వస్తారు. ఊరు పగలంతా ముసలివాళ్ళదీ, పిల్లలదీ. కాని ఒకప్పుడు అట్లా కాదట. ఫాల్క్ అనే ఉక్కు కంపెనీ 1906లో అక్కడ వెలిసింది. బ్రెదా అనే కంపెనీ రైలింజన్లు చేసేది. జనం మిలానునుంచి ఇటు పనికి వచ్చేవాళ్ళు. ఊరంతా ఫ్యాక్టరీ కూతకు లేచేది. 1944 మార్చిలో, జర్మన్ల ఆక్రమణ కాలంలో, ఆ కార్మికులు సమ్మె కడితే ఎంతోమందిని పట్టి జర్మన్ల బందీఖానాలకు పంపారు, చాలామంది తిరిగిరాలేదు. అబ్బాయి అది చెబుతూ వుంటే మావారు తలమీది టోపీ తీసి చేత పట్టుకున్నారు. 1990ల నడుమ ఉక్కు కొలుములు ఆరిపోయాయి.

బ్రెదావాళ్ళ స్థలమిప్పుడు పార్కు. ఫ్యాక్టరీలో బరువులెత్తే పెద్ద క్రేను దూలాలు అట్లాగే నిలబెట్టి వుంచారు. వేసవి రాత్రుల్లో దానికింద పాటకచేరీలు జరుగుతాయి. మావారు మెడ వెనక్కి వాల్చి దాన్ని చాలాసేపు చూసి, “మన హాలేజీ ఇంజను కింద పాటలు పెడితే ఎవరైన వస్తరంటవా?” అన్నారు.

అక్కడే బెంచీమీద ఒక ముసలాయన పరిచయమయ్యాడు. ఎనభై దాటి వుంటాడు. అబ్బాయి దుబాసీ. ఆయన ఉక్కు కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్ళు చేశాడట. “మీ నాన్న ఏం చేస్తాడు?” అని అడిగాడు. బొగ్గుగని అని అబ్బాయి చెప్పగానే ఆయన మావారి చెయ్యి పట్టుకుని చొక్కా చెయ్యి పైకి తోశాడు. మావారి ముంజేతిమీద నీలి మరకలున్నాయి. గనిలో గీరుకున్న గాయంలో బొగ్గుపొడి చేరి, తోలు దానిమీదే మూసుకుంటే ఆ మరక జన్మలో పోదు. పచ్చబొట్టు లాంటిదే. ఆ ముసలాయన వాటిమీద వేలు పెట్టి, తర్వాత తన చొక్కా చెయ్యి పైకి తోసి చూపించాడు. ముంజెయ్యంతా తెల్లని చుక్కలు. కరిగిన ఇనుప రవ్వలు పడి కాలిన గుర్తులు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు తిప్పి తిప్పి చూసుకున్నారు. అబ్బాయికి తర్జుమా చేసే పని లేకపోయింది.

చివరికి మావారు అడిగిన ప్రశ్న ఒక్కటే. “రిటైరైనంక ఇల్లు ఖాళీ చేసిండా, అడుగు.”

లేదట. కంపెనీ తమ కార్మికులకు కట్టిన ఇళ్ళలో వాళ్ళ నాన్నకొకటి వచ్చింది; తర్వాత కొనుక్కున్నారు. ఇప్పటికీ అందులోనే వుంటున్నాడు. పుట్టిందీ అక్కడే. కాని ఆ ఇంటి కిటికీలోంచి చూస్తే తాను పనిచేసిన ఫ్యాక్టరీ కనిపించదన్నాడు, ఖాళీ జాగా కనిపిస్తుందన్నాడు. మావారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. “మనకు బాయి వుంటది, ఇల్లుండదు. ఆయనకు ఇల్లున్నది, బాయి లేదు” అన్నారు. ఎవరిది నయమో నాకూ పాలుపోలేదు.

తిరిగి వచ్చిన తర్వాత ఏడాది గిర్రున తిరిగింది. పింఛను కాగితం మీద ఆ గడి ఖాళీగానే వుండగా మా ఇంట్లో మూడు పక్షాలయ్యాయి. అబ్బాయి ఫోనులో, “హైదరాబాదు శివార్లలో చిన్న ఫ్లాటు తీసుకుందాం, సగం నేను కడతా” అన్నాడు. మావారిది పల్లె పక్షం. నాది ఇక్కడే అనే పక్షం. దానికి ఓట్లు తక్కువ. ఎందుకంటే నా దగ్గర వాదన లేదు. అమ్మాయి మంచిర్యాలలో వున్నది, గోదావరి వంతెన దాటితే చేరుకుంటాం అన్నాను. అది నిజమే గాని అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు.

మావారు మేస్త్రీని వెంటబెట్టుకుని పల్లెకు పోయారు. నాలుగు రోజులుంటానని సంచి సర్దుకుపోయిన మనిషి రెండోరోజు సాయంత్రానికి ఇంటికి వచ్చారు. ఏమైందంటే చాలాసేపు చెప్పలేదు. రాత్రి పడుకునే ముందు చెప్పారు. ఈ కాలనీలో ఆయన్ను నలభై ఏళ్ళుగా అందరూ ‘మంథనన్న’ అనే పిలుస్తారు. ఊరి పేరే ఆయన పేరు. మరి ఆ ఊరికి పోతే అక్కడి పిల్లలు, “బొగ్గుబాయి తాత వచ్చిండు” అన్నారట. చాయ్ దుకాణంలో ఎవరో లేచి కుర్చీ ఇచ్చారట. “చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చిన్రే కుర్చీ” అన్నారు.

హైదరాబాదు సంగతి అంతకన్నా తొందరగా తేలిపోయింది. బంధువుల ఫ్లాటులో మూడు రోజులున్నాం. పదకొండో అంతస్తు. రాత్రి పదకొండుకు ఆయన లేచి కూర్చుని, కూత వినపడలేదు, కరెంటు పోయిందా అని అడిగారు.

అప్పుడు ఇళ్ళ వేట మొదలయింది. ఏ ఇల్లు చూడబోయినా మావారు కర్ర తీసుకుని వచ్చేవారు. గదిలో అడుగు పెట్టగానే స్లాబును తట్టి, చెవి వంచి వినేవారు. గోదావరిఖనిలో ఒక ఇంటాయన, “ఏం చేస్తున్నరు సారూ, పెచ్చులూడుతయి” అని మొత్తుకున్నాడు. “ఊడేటివైతే ఇప్పుడే ఊడనీ” అన్నారు ఈయన. అయిదిళ్ళు డొల్లని తేల్చారు. ఆరోది జనగామ దారిలో రెండు గదుల పాత ఇల్లు. గోడకొక బీట వున్నది. ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిగినప్పుడల్లా అలమారలో గిన్నెలు కదులుతాయని ఇంటామె దాచకుండా చెప్పింది. మావారు స్లాబును మూలమూలా తట్టారు. ఖంగుమన్నది. మరోసారి తట్టి, నావైపు చూశారు.

“బీటో?” అన్నాను, పైకి తేలకుండా.

“మన క్వార్టరుకు లేకుండెనా?” అన్నారు.

గ్రాట్యుటీ డబ్బులో మూడొంతులు దానికే పోయాయి. తెలివైన పనో కాదో చెప్పలేను. బొగ్గు వున్నంతకాలమే ఈ ఊరు అని మా అబ్బాయి ఇప్పటికీ అంటాడు. వాడు చెప్పేదానిలో అబద్ధం లేదు. ఆ ఎరువుల టౌన్‌షిప్పు రాత్రి నాకూ గుర్తే.

క్వార్టరు అప్పజెప్పే రోజు ఒక ఉద్యోగి జాబితా పట్టుకుని వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. బల్బు హోల్డర్లు, కుళాయిలు, తలుపు గొళ్ళేలు లెక్కపెట్టుకున్నాడు. వంటింటి తలుపు వెనక్కి వచ్చేసరికి గోడవంక చూసి, “ఇవేంటమ్మా?” అని అడిగాడు. నా పెన్సిలు గీతలు. సున్నం వేసినప్పుడల్లా పోయేవి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఆఖరి సున్నం తర్వాతవి వారం వారం వరసగా అట్లాగే వున్నాయి. “షిఫ్టుల లెక్క బాబూ” అన్నాను. అతను తల వూపి, జాబితాలో రాసుకునేదేమీ లేక ముందుకు పోయాడు.

మర్నాడు పెరట్లో మిగిలిపోయిన రోలు తెచ్చుకుందామని పోతే కొత్తవాళ్ళు అప్పటికే దిగి వున్నారు. కొత్తగా పెళ్ళయిన జంట. ఆ పిల్లది భూపాలపల్లి దగ్గరట. ట్రంకుపెట్టె కాదు, చక్రాలపెట్టె. వరండాలో నిలబడి బిత్తరచూపులు చూస్తున్నది. నన్ను చూడగానే ఎదురొచ్చి, “అమ్మమ్మా, మీరేనా ముందిక్కడున్నది?” అన్నది. నన్ను అమ్మమ్మా అనడం అదే మొదలు.

అయితే చెప్పవలసినవి వున్నాయి గనక కూర్చోబెట్టి చెప్పాను. వంటింటి కుళాయి రెండు చుట్లు తిప్పి ఆపాలి, మూడో చుట్టు తిప్పితే ఇక ఆగదు. వెనక కిటికీ గొళ్ళెం పడదు, తీగతో కట్టుకోవాలి. కరివేపాకు చెట్టుకు బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యాలి. కొమ్మ విరవొద్దు, ఆకు దూయాలి. ఎడమపక్క ఇంట్లో ఇల్లెందు వదినె కొడుకు కుటుంబమున్నది, మంచివాళ్ళు. బట్టలు మధ్యాహ్నం లోపలే తీసెయ్యాలి.

ఆ పిల్ల అన్నీ విని కొంచెం ఆగి, “అమ్మమ్మా, ఆయన ఈ వారం రెండో షిఫ్టు. పదకొండు దాటినంక గూడ రాకపోతే ఏం చేయాలె?” అన్నది.

“పక్కింటికి పోయి చింతపండు అడుగు” అన్నాను.

గేటు దగ్గర ఆటో హారను మోగింది. రోలు బరువుగా వున్నది; మావారూ, ఆ కొత్త పెళ్ళికొడుకూ చెరోపక్కా పట్టుకుని ఎత్తారు.